పొగలేని కుంపటి

మా అమ్మ కుంపటి రాజేసే తీరుకు మా వీధిలో మంచి పేరుండేది. ఎవరింట్లో పురుడొచ్చినా కొబ్బరిచిప్పల బొగ్గు కోసం మా ఇంటికే కబురొచ్చేది. ఎండు చిప్పల్ని పెరట్లో కుప్పపోసి ముట్టించి, మంట తగ్గి, పొగ పోయి, కణకణలాడే నిప్పు మాత్రమే మిగిలేదాకా ఆవిడ పీట వేసుకుని అక్కడే కూర్చునేది. మొహం దగ్గరగా పెట్టి చూసి, కళ్ళు మండకపోతేనే పట్టకారుతో ఒక్కొక్కటీ కుంపట్లోకి ఎత్తేది. పసిగుడ్డు ఉన్న గదిలోకి పొగ వెళ్ళకూడదని ఆవిడ పట్టుదల. ఇన్నేళ్ళ తరవాత ఆలోచించినా ఆ పట్టుదలలో నాకు తప్పు కనిపించదు. కానీ ఆ పొగలేని నిప్పే మా కొంప ముంచబోయింది.

తొంభైల చివర్లో మాట ఇది. మాది పలివెలకు దగ్గర్లో ఒక పల్లెటూరు. నాన్న పోయి అప్పటికి చాలాకాలమైంది. వరి చేలూ కొబ్బరితోటా అమ్మే చూసుకునేది. నేను పెళ్ళయి రాజమండ్రిలో ఉండేదాన్ని. చెల్లిని కొత్తపేటలో ఇచ్చాం. తమ్ముడు మస్కట్‌లో పనిచేస్తూ డబ్బు పంపిస్తే, అమ్మ మా పాత పెంకుటింటిని ఆనుకుని శ్లాబు వేసిన గది ఒకటి కట్టించింది. అద్దాల కిటికీలు, బిగువైన టేకు తలుపులు, నున్నటి గచ్చు. చెల్లి తొలి పురుడు ఆ కొత్త గదిలోనే జరపాలని అమ్మ ముచ్చటపడింది. పైనుంచి తేళ్ళు రాలవు, వాన కారదు అంటూ చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆ తలుపు మూసి, తెరిచి చూపించేది.

అంతకుముందు మా ఇంట్లో పురుళ్ళన్నీ పెంకుటింట్లోనే జరిగాయి. అందులో గోడకీ చూరుకీ మధ్య జానెడు సందుండేది. పిచ్చుకలు అందులోంచే వచ్చిపోయేవి. కుంపటి వేడి కింద మనకు మిగిలేది, మిగతాదేదైనా ఆ సందులోంచి బయటికి పోయేది. ఆ సందు మమ్మల్ని కాపాడుతోందని ఎవరికీ తెలియదు. కొత్త గది కట్టిన మేస్త్రీ ఎక్కడా వేలు దూరే సందు లేకుండా కట్టాడని మేమందరం మెచ్చుకున్నాం కూడా.

కాన్పు ఆసుపత్రిలో సుఖంగానే జరిగింది. ఆడపిల్ల. ఇంటికి తెచ్చాక బాలింత మర్యాదలు మొదలయ్యాయి. చెవుల్లో దూది, తలకు గుడ్డ, పథ్యపు తిండి, నీళ్ళు పోశాక మంచం కింద కుంపటి. అన్నిటికన్నా పెద్ద చట్టం ఒకటుండేది, బాలింతకు గాలి తగలకూడదు. ఆ చట్టం ముందు మా అమ్మ కలెక్టరు మాటైనా వినేది కాదు.

దానికి తోడు ముసురు పట్టింది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియోలో చెబుతున్నారు. తోటలో కొబ్బరి మట్టలు పగలూ రాత్రీ ఒకటే రొద. తూర్పుగాలి విసురుకి అమ్మ గడప దగ్గర గోనెసంచులు మడిచి కుక్కింది. కిటికీ రెక్కల మధ్య పాత చీర పేలికలు దూర్చింది. చలి ఎక్కువైందని రెండో కుంపటి కూడా పెట్టింది. నేను సాయానికని వాన్లో తడుస్తూ వెళ్ళేసరికి ఆ గది వెచ్చగా, సాంబ్రాణి వాసనతో, చూడముచ్చటగానే ఉంది.

చెల్లి నాతో అన్న మొదటి మాట తల బద్దలైపోతోందని. కడుపులో తిప్పుతోందని, లేస్తే ఒళ్ళు తూలుతోందని కూడా చెప్పింది. నిద్ర చాలకపోతే అంతేనంది అమ్మ. నాకు మాత్రం పథ్యం మీద అనుమానం. కూరా నారా లేకుండా బాలింతను ఎండగడుతున్నావని అమ్మతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. నాకు కోపమొస్తే వెనకా ముందూ చూసే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమ్మ విసుక్కుని, చారులో ఇంకో చెంచా నెయ్యి వేసింది. మేమిద్దరం అన్నం దగ్గరే కొట్టుకుంటూ కూర్చున్నాం.

ఒక సంగతి మాత్రం నాకు వింతగా అనిపించేది. చంటిది ఆ గదిలో ఉన్నంతసేపూ గుక్కపట్టి ఏడ్చేది, వసారాలోకి తెస్తే ఊరుకునేది. దిష్టి అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. చెల్లి కూడా పెరట్లోకి స్నానానికి వెళ్ళినప్పుడు కాస్త తేరుకునేది, మళ్ళీ గదిలోకి వెళ్ళాక మొదలు. వేణ్ణీళ్ళ మహిమ అనుకున్నాం. ఏమైతేనేం, చంటిదాన్ని నా ఒళ్ళోనే పెట్టుకుని వసారాలో కూర్చోవడం నాకు అలవాటైంది. పాలవేళకు మాత్రం తల్లి దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని.

ఆ రోజు పొద్దున్న అమ్మ చెల్లికి నలుగుపెట్టి నీళ్ళు పోసి, కుంపట్లు రెండూ నింపి, గదిలో పడుకోబెట్టింది. తనూ కాసేపు లోపల కూర్చుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. వస్తూనే నూతిగట్టు మీద కూలబడి డోక్కుంది. ఏమైందంటే పైత్యమంది. నొసలు రెండు చేతులతో నొక్కుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అవుతుండగా చంటిది పాలకు ఏడ్చింది. నేను తలుపు తోస్తే గోనెసంచి అడ్డుపడింది. కాలితో నెట్టి లోపలికి వెళ్ళాను. చెల్లి పక్కకు తిరిగి పడుకుని ఉంది. పసుపు రాసిన మొహం ఎర్రగా కమిలినట్టు కనిపించింది. ఇన్నాళ్ళకి మొహంలోకి కాస్త రక్తమొచ్చిందని ఒక్క క్షణం సంతోషించాను కూడా. పిలిచాను, పలకలేదు. భుజం పట్టుకు కుదిపాను. తల తడిబట్టలా వాలిపోయింది. ఊపిరి మాత్రం గురగురమని వస్తోంది.

నేను పెట్టిన కేకకి అమ్మ గరిటతోనే వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పోగయ్యారు. బాలింతలకొచ్చే సూతికా సన్నిపాతమన్నారొకరు. గాలి సోకిందన్నారొకరు. మంత్రం వేసే ఆయన కోసం మనిషిని పంపుదామని ఇంకొకరు. నేను చంటిదాన్ని పక్కింటావిడ చేతుల్లో పెట్టి వీధిలోకి పరుగెత్తి, మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక అద్దె అంబాసిడర్ని ఇంటి ముందుకు తెప్పించాను. అమ్మా నేనూ చెల్లిని దుప్పటిలో ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. తల నా ఒళ్ళో, కాళ్ళు అమ్మ ఒళ్ళో. చంటిదాన్ని పక్కింటావిడ ముందు సీట్లో పట్టుకుని కూర్చుంది.

అమలాపురం దారంతా కాలవగట్టు, బురద. కారెక్కగానే నేను నా పక్క అద్దం దించేశాను. వాన జల్లు లోపలికి కొడుతోంది. అమ్మ నా మీంచి చెయ్యి చాపి అద్దం ఎక్కించబోయింది. బాలింతకి తడిగాలి తగులుతోందని గోల. నేను ఆవిడ చెయ్యి విదిలించికొట్టాను. నాకేదో తెలిసి చేశానని చెప్పుకోను. ఆ మూసిన గదిని చూసీ చూసీ నాకు ఊపిరాడనట్టుంది, పైగా అమ్మ మీద కోపం. ఆ కోపంతోనే అమలాపురం వెళ్ళేదాకా అద్దం మీద చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాను. దారిలో ఒకచోట చెల్లి మూలిగింది. బతికే ఉందని ఆ మూలుగు వల్లే నాకు ధైర్యం.

నర్సింగ్ హోమ్ చిన్నది. డాక్టరుగారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. రక్తపోటు చూశారు, కళ్ళలో టార్చి వేసి చూశారు. జ్వరం లేదు, కాన్పు తరవాత వచ్చే మూర్ఛల లక్షణాలు కనిపించడం లేదన్నారు. ఏ గదిలో పడుకోబెట్టారని అడిగారు. అమ్మ కొత్త గది సంగతి, కుంపట్ల సంగతి చెప్పింది. ఆ కంగారులో కూడా, పొగ చుక్కైనా లేని బొగ్గేనండీ అని చెప్పడం మర్చిపోలేదు. డాక్టరుగారు అమ్మ వైపు తిరిగి, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగారు.

"మీకూ తలనొప్పిగా ఉందామ్మా?"

"ఆయ్, ఉందండి. ముసురు పట్టిన కాణ్ణించీ ఉందండి. వయసొచ్చింది కదండీ."

"వాంతి ఏమైనా?"

అమ్మ సమాధానం చెప్పేలోపు నేనే చెప్పాను, పొద్దున్న నూతి దగ్గర డోక్కుందని. డాక్టరుగారు అప్పుడు లేచారు. అంత నెమ్మది మనిషీ నర్సును కేకవేసి పిలిచారు. ఆపరేషన్ గదిలో మత్తు ఇచ్చేటప్పుడు వాడే నల్ల రబ్బరు మాస్కు తెమ్మన్నారు. ఒకతను ఆక్సిజన్ సిలిండర్ని గచ్చు మీద దొర్లించుకుంటూ తెచ్చి మంచం పక్కన నిలబెట్టాడు.

సిలిండర్ని చూడగానే అమ్మ గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయింది. ఆ రోజుల్లో మా వైపు ఆక్సిజన్ పెట్టారంటే ఇంక ఆశ లేదని అర్థం. అది వైద్యమని ఎవరూ అనుకునేవారు కాదు. దూరాన ఉన్నవాళ్ళు వచ్చేదాకా ప్రాణం నిలపడానికి పెడతారనుకునేవారు. మా నాన్నకి అలాగే పెట్టారు, మర్నాడు తీసేశారు. అమ్మ కళ్ళ ముందు అదే ఆడుతోందని నాకు తెలుసు. నాకూ అదే ఆడుతోంది.

మాస్కు అంచులు బుగ్గలకు అతుక్కునేలా పట్టీ బిగించాక, సిలిండరుకి తగిలించిన సీసాలో నీళ్ళు బుడబుడమనడం మొదలుపెట్టాయి. అప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పారు. బొగ్గు సరిగా గాలాడని చోట కాలితే ఒక విషవాయువు పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపిస్తే మనిషి తలుపు తీస్తాడు, ఇది కనిపించదు కనక తియ్యడు. నాకు అర్థం కాలేదని మొహం చూసి గ్రహించి, బస్సు సంగతి ఎత్తారు.

"మన బస్టాండులో బస్సు ఆగకుండానే కిటికీలోంచి తువాళ్ళు వేసి సీట్లు ఆపుకుంటారు కదండీ. ఈ విషం అలాగే రక్తంలో సీట్లన్నీ ఆపేసుకుంటుంది. ఆక్సిజన్ వచ్చినా కూర్చోడానికి చోటుండదు. అందుకని ఆక్సిజన్‌నే జనంలా తోసి, తోసి, ఆ విషాన్ని లేపాలి. మామూలు గాలితో అయితే లేవడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపు మెదడు ఆగలేదు."

ఒత్తిడి పెంచి ఆక్సిజన్ ఇచ్చే ప్రత్యేకమైన గదులు పెద్ద ఊళ్ళలో ఉంటాయట. ఈ వానలో, ఈ స్థితిలో అంతదూరం కదిలించడం కంటే ఇక్కడే వెంటనే ఇవ్వడం మంచిదన్నారు. ఎంతసేపు పెట్టాలంటే, నేను తియ్యమనేదాకా అన్నారు. బతుకుతుందా అని అడిగాను. ఊపిరి తనంతట తనే తీసుకుంటోంది కదా, అది చాలా నయం అన్నారు. బతుకుతుందని మాత్రం అనలేదు. ఆ అనకపోవడం నేను గమనించాను.

చంటిదాన్ని కూడా పరీక్ష చేశారు. బాగానే ఉంది. వసారాలో పెట్టుకోవడం మంచిదైందన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

తరవాత నా కళ్ళు సిలిండరు మీదున్న గడియారంలాంటి దానికే అతుక్కుపోయాయి. అందులో ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు వస్తోంది. అది సగం వాడిన సిలిండరేనని, నిండుది ఇంకొకటి రావలసిన లారీ వానల వల్ల రాలేదని నర్సు ఎవరితోనో అంటుంటే విన్నాను. డాక్టరుగారు ఊళ్ళో ఇంకో ఆసుపత్రికి మనిషిని పంపారట. కరెంటు పోయింది. ఆ చీకటి గదిలో బుడబుడ శబ్దం ఒక్కటే ఉంది. అది ఆగకూడదని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఈలోగా కారు డ్రైవరు ఊళ్ళోకి తిరిగెళ్ళి, మా చెల్లి గురించి, చినపాపగారికి ఆక్సిజన్ పెట్టేరని చెప్పాడు. ఆ ఒక్క మాట చాలు. అక్కణ్ణించి కొత్తపేటకు కబురెళ్ళింది. చెల్లి అత్తగారూ, చెల్లి మొగుడు మా మరిదిగారూ వచ్చారు. అత్తగారు వీధిలోంచే ఏడుస్తూ వచ్చింది. వెనకాల బంధువులు, నెత్తిమీద కొంగులు. వరండా అంతా తడి గొడుగులతో నిండిపోయింది. లోపల మనిషి ఊపిరి తీస్తుంటే బయట శోకాలు మొదలుపెట్టారు. నేను వెళ్ళి నోళ్ళు మూయించాను. పెద్దంతరం చిన్నంతరం చూడలేదు. తరవాత చాలాకాలం ఆ వైపు వాళ్ళు నన్ను గయ్యాళి అని చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. నర్సు మరోసారి గేటు దాకా వెళ్ళి వచ్చింది. నేను చెల్లి చెయ్యి పట్టుకుని, నా ఊపిరి దాని ఊపిరితో కలిపి తీసుకుంటున్నాను, అలా చేస్తే ఏదో కలిసొస్తుందన్నట్టు. చివరికి సామాన్లు మోసే రిక్షా మీద పరదా కప్పి తెచ్చారు నిండు సిలిండరు. మర తిప్పి సిలిండరు మార్చేటప్పుడు బుడబుడ ఆగింది. మళ్ళీ నీళ్ళు కదిలాక గాని నేను గాలి పీల్చలేదు.

సాయంత్రానికి చెల్లి కళ్ళు తెరిచింది. తెరుస్తూనే మాస్కు మీద చెయ్యి వేసి లాగెయ్యబోయింది. రబ్బరు వాసనకి, బిగింపుకి మనిషి గిజగిజలాడిపోయింది. తల అటూ ఇటూ కొడుతోంది. కళ్ళల్లో నీళ్ళు. అది చూసి అత్తగారు నా దగ్గరకొచ్చింది.

"తెలివొచ్చింది కదా అమ్మా. ఇంకెందుకది మొహమ్మీద? అపశకునంగా. తీయించెయ్యండి, ఇంటికి తీసుకుపోదాం."

మరిదిగారు మెతక మనిషి. చెల్లి వేలికి తగిలించిన, రక్తంలో ఆక్సిజన్ కొలిచే చిన్న మిషను ఆసుపత్రివాళ్ళు కొత్తగా కొన్నారట, బ్యాటరీతో నడుస్తుంది. దానిలో అంకె చూపించి, తొంభై ఎనిమిది వచ్చింది వదినగారూ, బాగానే ఉన్నట్టే కదండీ అన్నాడు. ఆ మాటకి నేనూ కాస్త తగ్గాను. చెల్లి నా వైపు చూసే చూపు చూడలేకపోతున్నాను. నా చెల్లెలే, చిన్నప్పుడు జడ బిగించి వేస్తే ఏడ్చేసేది. అయినా డాక్టరుగారి మాట గుర్తొచ్చి, మాస్కు మీద నా అరచెయ్యి వేసి అదిమిపట్టాను. డాక్టరుగారిని పిలవమన్నాను. ఆయన తియ్యమంటే తీస్తాను, ఇంకెవరు చెప్పినా తియ్యనన్నాను.

ఆయన వచ్చి, ఆ మిషను సీటు నిండిందా లేదా అన్నదే చూస్తుంది గాని, కూర్చున్నది ఎవరో చెప్పలేదన్నారు. కళ్ళు తెరిచినంత మాత్రాన విషం దిగినట్టు కాదు. ఇప్పుడు ఆపితే మళ్ళీ మత్తులోకి జారిపోవచ్చు. జారకపోయినా, కొన్ని వారాల తరవాత మతిమరుపు రావచ్చు, నడక తడబడవచ్చు, మనిషే మారిపోవచ్చు. ఆక్సిజన్ ఎంత బాగా ఇస్తే ఆ భయం అంత తగ్గుతుంది. ఈసారి అత్తగారికే చెప్పారు, వరండాలో వాళ్ళకు కూడా వినపడేలా. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మకి కూడా ఇంకో మాస్కుతో కాసేపు ఆక్సిజన్ పెడతానన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. దాని వంతు నేను పీల్చుకుంటానా అంది. ఈ సిలిండరు నిండుగా ఉందని, ఇద్దరికీ సరిపోతుందని ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపింది. అప్పుడావిడ మొహంలో తలనొప్పి కాక ఇంకేదో ఉంది. నేను దాన్ని భయమే అనుకున్నాను. చివరికి బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ మాస్కు నేనే కట్టాను. మాస్కు లోపల ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏదో స్తోత్రం చదువుకుంటోందనుకున్నాను.

చంటిది ఆకలికి గోలపెట్టింది. డాక్టరుగారు పాలివ్వచ్చన్నారు. మాస్కు తియ్యకుండానే చెల్లిని పక్కకు ఒత్తిగిలించి, చంటిదాన్ని ఆనించాం. చంటిదాని తల మీద చెయ్యి పడ్డాక చెల్లి గింజుకోవడం మానేసింది. నల్ల మాస్కు పైనుంచి పెద్ద పెద్ద కళ్ళతో పిల్లను చూసుకుంటూ పడుకుంది. శోకాలు పెట్టడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే గుమ్మంలోంచి తొంగిచూసి, గొడుగులు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు కొన్ని వారాలు మనిషిని కనిపెట్టి ఉండమన్నారు. నేను రాజమండ్రి వెళ్ళకుండా ఉండిపోయాను. ఇంటికొచ్చిన రోజే అమ్మ చెల్లి మంచం పెంకుటింట్లోకి మార్పించింది. కుంపట్లు రెండూ గొడ్లసావిట్లో పడేసింది. తరవాత మొదలైంది అసలు పరీక్ష. అమ్మ పొద్దున్న లేచిన దగ్గర్నించి చెల్లిని ఏదో ఒకటి అడిగేది. చిన్నత్త కూతుళ్ళ పేర్లు చెప్పమనేది. ద్రాక్షారామం తీర్థంలో నీకు ఏం కొన్నాను అనేది. చెల్లి విసుక్కుంటూ చెప్పేది. ఒక్కోసారి తడుముకునేది. ఆ తడుముకున్న క్షణంలో అమ్మ మొహం చూడాలి, రక్తం ఇంకిపోయేది. ఒక రోజు చెల్లి పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. పాలు పొంగిపోవడం ఏ ఇంట్లో జరగదు? మా ఇంట్లో మాత్రం ఆ పూట ఎవరికీ అన్నం దిగలేదు.

చెల్లికి గుర్తు లేనిదల్లా ఆ రోజు. నలుగు పెట్టడం వరకే గుర్తుందనేది, తరవాత ఆసుపత్రి. మధ్యలో ఏం జరిగిందో తెలియదంది. ఆ రోజు సంగతులు గుర్తొస్తే మరీ మంచిది, రాకపోయినా కంగారు లేదని డాక్టరుగారు చెప్పారు. వింతేమిటంటే, లోకంలో ప్రతిదీ అడిగే అమ్మ ఆ రోజు గురించి మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేను అడగబోతే ఏదో పని చెప్పి నన్ను అవతలికి పంపేది.

ముసురు పోయి ఎండలు కాశాక ఒక మధ్యాహ్నం, పై వీధిలో ఎవరికో పురుడని బొగ్గు కోసం కబురొచ్చింది. అమ్మ చాలాసేపు ఆలోచించి, సరేనంది. గది తలుపూ కిటికీ తెరిచి ఉంచుతామని ఒట్టు వేయించుకుంది. పెరట్లో చిప్పలు పోసి ముట్టించి పీట మీద కూర్చుంది. నేను చంటిదానికి నూనె రాస్తున్నాను. చెల్లి వసారా మెట్టు మీద కూర్చుని ఆ మంట వైపే చూస్తోంది. మంట తగ్గింది, పొగ పోయింది. అమ్మ పట్టకారు అందుకుంది.

"అమ్మా, ఆ రోజు నిన్ను తలుపు తియ్యమన్నాను" అంది చెల్లి.

పట్టకారు గాల్లో ఆగిపోయింది.

"తల పగిలిపోతోంది, ఊపిరాడ్డంలేదు, కాసేపు తలుపు తియ్యమ్మా అన్నాను. బాలింతకి గాలి తగలకూడదని చెప్పి, కుంపట్లో ఇంకో నాలుగు బొగ్గులు వేసేవు."

చెల్లి గొంతులో నిష్ఠూరమేమీ లేదు. పోయిన వస్తువు దొరికినట్టు, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు చెప్పింది. నాకు మాత్రం ఆసుపత్రిలో మాస్కు కట్టించుకోనని మొండికేసిన అమ్మ గుర్తొచ్చింది. ఈ మాట ఆవిడ ఇన్నాళ్ళూ ఒక్కతే మోసుకు తిరిగింది. చెల్లికి అన్నీ గుర్తుండాలని, ఈ ఒక్కటీ గుర్తు రాకూడదని ఎన్ని రాత్రులు కోరుకుందో.

అమ్మ పట్టకారు కింద పెట్టి చెల్లి దగ్గరికి వచ్చింది. దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఇంకోసారి కూడా అన్నావు. నేను గుమ్మం దాటుతుంటే. అప్పుడేమన్నావో చెప్పు."

చెల్లి కాసేపు నిప్పుల వైపు చూసింది. తడుముకోలేదు, ఆలోచించింది.

"చచ్చిపోతానేమోనమ్మా అన్నాను."

"ఆయ్" అంది అమ్మ. "అన్నావు. అదే మాటన్నావు."

కళ్ళంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. చెల్లి తలని పొట్టకేసి అదుముకుని నా వైపు తిరిగింది.

"పెద్దమ్మాయ్, పొద్దున్నే అమలాపురం వెళ్ళి డాక్టరుగారికి చెప్పు. నా తల్లికి అన్నీ గుర్తున్నాయని చెప్పు."